గొర్లకు ఎదురొచ్చే చదువు

డిగ్రీలో ఎకనామిక్స్ నేను ఇష్టపడి తీసుకున్నాను. ఈ మాటను మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సీట్లు ఆన్‌లైన్‌లో ఇస్తారు కాబట్టి నెట్ సెంటర్‌లో కూర్చున్నతను ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాడని అందరి అభిప్రాయం. మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, ఈ సంగతి తెలిసిన రోజు చెప్పులు కూడా వేసుకున్నాడు.

“నేను పోయి ఆని సంగతి అడిగొస్త. పిల్లను ఆగం జేసిండు” అన్నాడు.

“నేనే పెట్టిన, పెద్దబాపు” అన్నాను గడప దగ్గర నిలబడి.

ఆయనకు వినిపించలేదు. నేను మాట్లాడితే సాధారణంగా ఎవరికీ వినిపించదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అదే మాటను గట్టిగా తిరిగి చెప్పాక ఆయన చెప్పులు విడిచి, నా దిక్కు జాలిగా చూశాడు. నెట్ సెంటర్ అతని తప్పయితే కొట్లాడి సరిచేయొచ్చు. పిల్ల తప్పయితే ఏం చేస్తాం అన్నట్టు ఉంది ఆ చూపు.

ఎందుకు పెట్టానో ఆయనకు చెప్పడం కష్టం. ఇంటర్‌లో ఎకనామిక్స్ పుస్తకం మొదటి పాఠంలో, మనిషి కోరికలకు అంతు లేదనీ, వాటిని తీర్చే వనరులకు మాత్రం అంతు ఉందనీ రాసి ఉంది. మా ఇంట్లో రోజూ పొద్దున జరిగే గొడవను అంత మర్యాదగా చెప్పొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పాఠాన్ని నా డైరీలో ఎక్కించుకున్నాను. పాఠాలను డైరీలో రాసుకునే అలవాటు గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ నెట్ సెంటర్ అతన్నే అనేవాళ్ళు.

మాది జీవాలను నమ్ముకున్న ఇల్లు. బాపు గొర్లను కాస్తాడు. ఎండాకాలం మేత కోసం అమ్రాబాద్ దిక్కు అడవి అంచు ఊళ్ళ దాకా తోలుకుపోతాడు. పెద్దబాపు ఒకప్పుడు కాసేవాడు, ఇప్పుడు దళారి. వారానికోసారి జరిగే అంగడిలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదురుస్తాడు. తానూ కొన్ని పొట్టేళ్ళు కొని అమ్ముతాడు. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆయన నోటి నుంచే రావాలి. బాపు ఎప్పుడూ “అన్న ఏమంటడో” అని ఊరుకుంటాడు.

కల్వకుర్తి కాలేజీలో మా గ్రూపుకు కొద్దిమందిమే. మాకు పాఠం చెప్పే సారు గంటకింత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్. పొద్దున డిమాండ్ సూత్రం చెప్పి, మధ్యాహ్నం బస్టాండ్ ఎదురుగా తమ్ముడి ఫోన్ల దుకాణంలో స్క్రీన్ గార్డులు అతికించేవాడు. ఈ చదువు చదివితే ఏమవుతామని అడిగితే కళ్ళద్దాలు సర్దుకుని “అవకాశాలు విస్తృతం” అనేవాడు. బస్సుకు పోయే దారిలో ఆ దుకాణం ముందు ఆగి చూసేవాళ్ళం.

“చూడే, విస్తృతాన్ని గాలి బుడగ రాకుండా ఎట్ల అతికిస్తుండో” అనేది నా పక్కన కూర్చునే స్నేహితురాలు. వాళ్ళ నాన్న మండలాఫీసులో అటెండరు. మా ఇద్దరికీ కలిపి సరిపడేంత నోరు ఆమె ఒక్కతికే ఉంది.

రెండో ఏడాది ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఎవరో పెద్దాయన వచ్చి భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. చివర్లో ఒక్కొక్కరినీ లేపి నీ లక్ష్యం ఏంటని అడిగాడు. నా వంతు వచ్చింది. లేచాను. నోట్లోంచి ఏమీ రాలేదు. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు.

“ఆర్థిక మంత్రి అయితదట సార్” అంది నా స్నేహితురాలు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. “గుడ్” అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆర్థిక మంత్రి అని రాసి కింద గీత గీశాడు. ఆర్థిక మంత్రి కావాలన్నా మొదట గ్రూప్ పరీక్షలకు కోచింగ్ తీసుకోవడమే మంచిదని, తమ దగ్గర ఆడపిల్లలకు ఫీజులో రాయితీ ఉందని చెప్పాడు.

ఆ సాయంత్రం బస్సులో క్లాసు పిల్లలు నన్ను మంత్రిగారూ అని పిలిచారు. అదే బస్సులో మా ఊరివాళ్ళూ ఉన్నారు. మేం దిగేలోపే ఆ మాట ముందు సీట్ల దాకా పాకింది. మర్నాడు నల్లా దగ్గర బిందె పెట్టిన పక్కింటామె అమ్మను అడిగింది.

“నీ బిడ్డ ఆర్థిక మంత్రి అయితదట గద?”

“ఔతది. ముందుగాల ఉతికిన బట్టలు మడతవెట్ట నేర్సుకోని” అంది అమ్మ.

ఆ మాట అంతటితో పోయేదేమో. కానీ మా దిక్కు జీవాలను అంగడికి తోలే పొద్దు మొదట ఎవరు ఎదురొచ్చారో చూసుకుంటారు. నిండు బిందె ఎదురైతే సంతోషం. ఖాళీ బిందె ఎదురైతే మందను కాసేపు ఆపి, మొహం మీద నీళ్ళు చల్లుకుని మళ్ళీ బయల్దేరతారు. ఆ వారం పెద్దబాపు పొట్టేళ్ళను ట్రాలీ ఆటో దగ్గరికి తోలుకొస్తుంటే, సందు మలుపులో నేను ఎదురయ్యాను. తల వంచుకుని, సూక్ష్మ అర్థశాస్త్రం అనే లావుపాటి పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని బస్సుకు పోతున్నాను.

ఆ రోజు పొట్టేళ్ళకు ఎన్నడూ రానంత ధర వచ్చింది. బక్రీద్ దగ్గర పడింది, పట్నం నుంచి వ్యాపారులు దిగారు. ఇది నాకు తెలుసు, పెద్దబాపుకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ వాడంతా వినేటట్టు చెప్పాడు.

“ఆర్థిక మంత్రే ఎదురొచ్చినంక ధర రాక యాడికి పోతది?”

తర్వాతి అంగడి పొద్దు నేను తలుపు తీసి బయటికొచ్చేసరికి సందు మొదట్లో మందలు నిలబడి ఉన్నాయి. వెనక కర్రలు పట్టుకుని మనుషులు. అందరూ నా దిక్కే చూస్తున్నారు, గొర్లతో సహా. నేను మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బయట ఒక పెద్దమనిషి గొంతు వినిపించింది: “తొందరేం లేదు బిడ్డా, నిమ్మలంగ రా.” బస్సు టైం అవుతోంది. బయటికొచ్చి, ఆ మందల మధ్య నుంచి నేల చూస్తూ నడిచాను. నా చున్నీ కొసను ఒక మేక కొరికింది. అది మరీ మంచిదని వెనక ఎవరో అన్నారు.

ఒకసారి దొడ్డి దారిన వెళ్ళి తప్పించుకుందామనుకున్నాను. నేను అక్కడికి చేరేలోపే మందలను అటు తిప్పారు. ఇంకోసారి క్లాసు లేదు కదా అని ఉత్త చేతులతో వస్తే నన్ను ఆపేశారు.

“బుక్కేది?”

“ఇయ్యాల క్లాసు లేదు.”

“క్లాసు లేకుంటే మాకేంది? జర పోయి బుక్కు పట్టుకరా బిడ్డా.”

చరిత్ర పుస్తకం పట్టుకొచ్చిన వారం ధర పడిపోయింది. అప్పటి నుంచి ఎకనామిక్స్ తప్ప ఇంకొకటి పనికిరాదని తేలింది. సెమిస్టర్ మారి సూక్ష్మం పోయి స్థూల అర్థశాస్త్రం వచ్చినప్పుడు వాళ్ళలో కొంత కలవరం పుట్టింది. ఇది పాతదానికంటే సన్నగా ఉందని ఒకాయన చేతిలోకి తీసుకుని బరువు చూసి, పాతదే పట్టుకుని వస్తే నీకేమన్నా నష్టమా అని అడిగాడు. నాకు నష్టం లేదు. రెండూ పట్టుకుని రావడం మొదలుపెట్టాను.

ధర రాని వారాలు కూడా ఉండేవి. అప్పుడు నా తప్పేమీ లేదనేవాళ్ళు. నేను ఎదురొచ్చాక దారిలో పిల్లి అడ్డం వచ్చి ఉంటుంది, లేదా ఆటో టైరు పంక్చరై ఉంటుంది, లేదా నేను తుమ్మి ఉంటాను. ఇవన్నీ సరిగ్గా ఉంటే మాత్రం నా ఎదురు ఖాయంగా పనిచేస్తుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒక రోజు క్లాసులో సారు డిమాండ్ సూత్రం చెబుతూ “ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే” అన్నప్పుడు పెన్ను ఆపేశాను. మా పుస్తకంలో ప్రతి సూత్రమూ ఆ మాటతోనే మొదలవుతుంది. సూత్రం ఎప్పుడూ తప్పు కాదు, పరిస్థితులే మారిపోతుంటాయి. మా సందులో నిలబడ్డవాళ్ళు ఏ కాలేజీకీ పోకుండానే సగం సిలబస్ పూర్తి చేశారని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

మూడో ఏడాది ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. నా స్నేహితురాలు ఊరుకోక సారుకు నా సంగతంతా చెప్పేసింది. నేను బెంచీలోకి కూరుకుపోయాను. సారు నవ్వలేదు. స్క్రీన్ గార్డు అతికించేటప్పుడు ఉండే ఏకాగ్రతతో ఆలోచించాడు.

“నిన్ను చూసినంక వాళ్ళు ధర తగ్గించుకుంటలేరా?” అని అడిగాడు.

“తగ్గించుకోరు సార్. మంచిగ ఎదురొచ్చిందని మొండిగ నిలబడతరు.”

“కొనేటోళ్ళకు ఈ సంగతి తెలుసా?”

“ఇప్పుడు తెలిసింది సార్. నేను ఎదురొచ్చిన మంద అంటే ముందే ఎక్కువ ధరకు అడుగుతున్నరట.”

“మరి పనిచేస్తున్నట్టే గదమ్మా. దీన్నే అంచనాలు అంటరు. చివరి పాఠంల ఉంది, మనం అక్కడిదాకా ఎప్పుడూ పోలే.”

ఆయన పట్టుబట్టి దాని మీదే ప్రాజెక్టు చేయించాడు. పరీక్ష తీసుకోవడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం పేజీలు తిప్పి, సమాచారం ఎవరి నుంచి సేకరించావని అడిగింది. నేను నోరు తెరిచే ప్రయత్నం చేశాను. ఆమె ఇంకోసారి అడిగింది. “నేనే మేడం” అన్నాను. నిన్ను ఎవరు అడిగారమ్మా, సాంపిల్ ఎవరని అడుగుతున్నాను అంది. “అదే మేడం. నేనే” అన్నాను. ఆమె నన్నూ ప్రాజెక్టునూ మార్చి మార్చి చూసి మంచి మార్కులే వేసింది.

ఆ మధ్యలోనే ఒక వారం అంగడి బాగా పడిపోయింది. ఎక్కడో రోగం వచ్చిందని పుకారు లేచి కొనేవాళ్ళు రాలేదు. తోలుకుపోయిన జీవాలను తోలుకుపోయినట్టే తెచ్చుకున్నారు. సాయంత్రం మా ఇంటి ముందు నుంచి పోతూ ఒకాయన, ఎప్పుడూ నన్ను పలకరించేవాడు, పలకరించకుండా పక్కవాడితో అన్నాడు:

“ఇయ్యాల పిల్ల మొఖం గూడ కడుక్కోకుంట వచ్చిందో ఏమో.”

అమ్మ గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. ఆయన దూరం పోయేదాకా చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. అమ్మ గొంతు తగ్గించడం నేను చూసింది చాలా తక్కువ.

“పెద్ద చదువుకు పట్నంల పరీక్ష రాస్తనంటివి గద?”

“బాపు ఏమంటడో అని...”

“రాయి. మంచిగుంది మంచిగుంది అన్న నోరు మలుపుకునేటందుకు ఎంతసేపు పడతది? ఇంకో రెండు అంగళ్ళు గిట్లనే పోతే నిన్ను చూసి తలుపులేసుకుంటరు. అంతకు ముందుగాలనే నువ్వు ఈ ఊర్లకెళ్ళి బయటవడాలె.”

అప్పటిదాకా నాకు ఇదంతా సిగ్గుపడాల్సిన వింతగానే ఉంది. అమ్మ మాటతో మొదటిసారి భయం వేసింది. పరీక్ష రాశాను. హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది, హాస్టల్ కూడా దొరికింది. రెండు వారాల్లో చేరాలి. ఫోన్‌లో వచ్చిన ఆ కాగితాన్ని బాపుకు చూపించాను. ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“అన్న ఏమంటడో” అన్నాడు.

అన్న ఆ రాత్రి అన్నం తింటూ ఏమన్నాడంటే: “పట్నంల ఏమున్నది? ఇంజనీరింగ్ చదివినోళ్ళు ఇంట్ల కూసోని ఫోన్లు చూస్తున్నరు. మన పిల్లకు డిగ్రీ కాకముందుకే పని దొరికె.”

“ఏం పని?” అంది అమ్మ.

“ఎదురొచ్చుడు.”

“గదేం పని?”

“అంగడి మొత్తం ఆమె మీద నడుస్తాంది. ఇంకేం పని గావాలె?”

మూడేళ్ళుగా కాలేజీలో ఎవరూ చెప్పలేకపోయిన జవాబును ఆయన అంత తేలిగ్గా చెప్పేశాడు. ఎకనామిక్స్ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? ఇది వస్తుంది. ఊరు దాటనక్కర్లేదు. వారానికి ఒక్కపూట పని.

తర్వాత ఆయన అంగళ్ళు తిరుగుతూ ఇంటికి దొరకలేదు. చేరాల్సిన గడువు దగ్గరపడింది. చివరికి బాపు, జీవితంలో మొదటిసారి అన్న మాట దాటకుండానే దాని పక్కనుంచి పోయే దారి వెతికి, నన్ను అంగడికే తీసుకుపోయాడు.

అంగడిలో జీవాల అరుపులు, దుమ్ము, అరిచి మాట్లాడుకునే మనుషులు. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ నోరు మూసేస్తారు. ధరను నోటితో చెప్పరు. దళారి భుజం మీది తువ్వాలను ఇద్దరి చేతుల మీద కప్పుతాడు. దాని కింద వేళ్ళు పట్టుకుని ఎంతో చెప్పుకుంటారు. ఇంకో నియమం ఏంటంటే, కుదిరాక అది ఎంతకు కుదిరిందని మూడో మనిషి అడగకూడదు. పెద్దబాపు అప్పుడే ఒక బేరం ముగించి చేతులు దులుపుకుంటున్నాడు. నన్ను చూసి అదిరిపడ్డాడు.

“గీడికి ఎందుకొచ్చినవు బిడ్డా? ఎదురొచ్చుడు ఊర్లనే, అంగట్ల కాదు.”

బాపు నా వీపు మీద చెయ్యి వేసి కొంచెం ముందుకు నెట్టాడు. అంతే. ఆయన చేయగలిగింది అయిపోయింది. నేను నిలబడ్డాను. కోచింగ్ సెంటర్ ఆయన ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను. చుట్టూ మనుషులు పోగయ్యారు. పెద్దబాపు కాసేపు చూసి, చిరాకుగానో ముద్దుగానో తెలియకుండా తువ్వాల దులిపాడు.

“నోరు లేకుంటే చెయ్యన్న ఉన్నది గద. తే. పట్నం పోతవు, సరే. నెలకు ఎన్ని అంగళ్ళకు ఎదురొస్తవో చెప్పు.”

నేను చెయ్యి పెట్టాను. ఆడపిల్ల చెయ్యి ఆ తువ్వాల కింద పెట్టడం అక్కడ ఎవరూ చూసినట్టు లేరు. ఆయన చెయ్యి గరుకుగా, గొర్రె బొచ్చు వాసనతో ఉంది. నా నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. అంటే ప్రతి వారం. నేను విడిపించుకుని ఆయన చూపుడువేలు ఒక్కటి పట్టుకున్నాను. ఆయన మొహం మార్చకుండా మూడు వేళ్ళు పట్టాడు. నేను మళ్ళీ ఒక్కటే పట్టాను. రెండు పట్టాడు. నేను ఒక్కటే పట్టాను.

తర్వాత ఏం చేయాలో నాకు నిజంగా తెలియదు. అందుకని ఆ ఒక్క వేలునూ వదలకుండా, తల వంచుకుని నిలబడ్డాను. పక్కన ఉన్నాయన మెల్లగా అన్నాడు: “అబ్బ, గట్టి పిల్లనే. జర్రంత గూడ కదులుతలేదు.” ఇంకొకాయన, ఎకనామిక్స్ అంటే ఊరికే కాదని మెచ్చుకున్నాడు. పెద్దబాపు ఎటో ఆకాశం దిక్కు చూశాడు. బేరంలో అట్లా చూస్తే ఎదుటివాడు దిగొస్తాడట. నేను ఆకాశం చూడటం లేదు కాబట్టి నాకు ఆ సంగతి తెలియలేదు.

“తెగింది” అన్నాడు చివరికి. అంటే బేరం కుదిరినట్టు. అంగడిలో ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

తిరిగొచ్చే బస్సులో బాపు ఒక్క మాట అడగలేదు. రెండుసార్లు నా దిక్కు తిరిగి, నియమం గుర్తొచ్చి, మళ్ళీ కిటికీ దిక్కు తిరిగాడు. ఇంటికొచ్చాక అమ్మ ఆయన్నే అడిగింది.

“ఏమన్నడు? ఎన్నిటికి తెగింది?”

“తువ్వాల కింది మాట. అడుగొద్దు.”

“మీ అంగడి సంగతి నాకెందుకు? నువ్వు చెప్పవే” అంది నా దిక్కు తిరిగి.

చెప్పాను. అమ్మ చాట పక్కన పెట్టింది.

“నెలకొక్కపారినా? గంతకు గంత దూరం పోయి బేరమాడుడెందుకు? ఎట్లాగూ నెలకొక్కపారి ఇంటికి రావా?”

నిజమే. అది మాకెవరికీ తోచలేదు.

బయల్దేరే రోజు అంగడి రోజే అయింది. సంచి, బకెట్, పుస్తకాలున్న పెట్టె పట్టుకుని అమ్మతో రోడ్డు మీద నిలబడ్డాను. హైదరాబాద్ బస్సు వచ్చింది. నేను ఎక్కాను. అది కదలబోతుండగా ఊరి దిక్కు నుంచి దుమ్ము లేచింది. పెద్దబాపు ఊళ్ళో ఉన్న మందలన్నిటినీ పోగుచేసి తోలుకొస్తున్నాడు. నా ప్రయాణానికి మంచిదని మంద నాకు ఎదురు రావాలని ఆయన, నేను మందకు ఎదురు రావాలని మిగిలినవాళ్ళు. ఎవరికి ఎవరు ఎదురొచ్చినట్టు లెక్క అనేది తేలక వాళ్ళు దారిలోనే వాదించుకుంటున్నారు. గొర్లు రోడ్డంతా నిండిపోయాయి. బస్సు ఆగింది. వెనక శ్రీశైలం నుంచి వచ్చే కార్లు ఆగి హారన్లు మొదలుపెట్టాయి. బాపు ఆ మధ్యలో ఒక పొట్టేలును కొమ్ములు పట్టి పక్కకు లాగుతూ, మధ్య మధ్యలో నాకు చెయ్యి ఊపుతున్నాడు.

కండక్టర్ తల పట్టుకుని, వచ్చి నా సీటు పక్కన నిలబడి టికెట్ ఇచ్చాడు.

“ఏం చదువుతున్నవమ్మా?”

“ఎకనామిక్స్.”

“దాంతోని ఏ కొలువొస్తది?”

కిటికీలోంచి చూశాను. గొర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. అవన్నీ దాటేదాకా బస్సు కదలదు, ఆయనా ఎటూ పోలేడు. గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాను.